మూలన ఉన్న ముఖం

రోజు 1, పొద్దుటి షిఫ్టు

నీటి మట్టం నాలుగడుగుల రెండంగుళాలు. రెండో పంపు బేరింగు కూస్తోంది, గ్రీజు పెట్టాను. మిగతా మోటార్లు బాగున్నాయి. వాటన్నిటికంటే నేను బాగున్నాను!

ఈ పుస్తకం నాకు పంపుల సంగతి రాయడానికి ఇచ్చారు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే రాశాను. ఇవాళ మాత్రం నా చెయ్యి ఆగడం లేదు. నా బిడ్డ రవళి గీసిన మొదటి ముఖపత్రాలు చూపుగోడకు ఎక్కాయి! మేం బతికే ఈ నాలుగో గనిలో, ఈ పంపుల అంతస్తు నుంచి ముఖలేఖరి అయినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఏడో తరగతితో బడి మానేసిన ఓదేలు బిడ్డ అయింది. ఎవరికి చెప్పను, ఎంతమందికి చెప్పను!

షిఫ్టు దిగి, కాళ్ల బొగ్గు కూడా కడుక్కోకుండా మూడో అంతస్తుకు ఎక్కాను. కొత్తగా గీసిన పత్రాలను చూపుగోడ మీద ఎనిమిది రోజులు వేలాడదీస్తారు. "ఈ ముఖం ఈ మనిషిది కాదు" అనే అనుమానం ఎవరికైనా ఉంటే ఆ ఎనిమిది రోజుల్లో గంట కొట్టి చెప్పాలి. ఎవరూ కొట్టకపోతే పత్రం చెల్లుతుంది. ఇక ఏడాది పాటు నల్లా దగ్గర దాన్ని చూపిస్తే రోజుకు రెండు బకెట్ల నీళ్లు. యంత్రాలు ఎవరి ముఖాన్నైనా ఎవరికైనా అతికించడం మొదలుపెట్టాక, తెర మీద కనిపించే ముఖాన్ని మా దగ్గర ఎవరూ లెక్కచేయరు. ఎదురుగా కూర్చుని బొగ్గుతో గీసిన కాగితమే సాక్ష్యం.

నేను మాత్రం గీయించుకున్నవాళ్లను చూడలేదు. ప్రతి పత్రం కింద మూలన బొటనవేలంత జాగా ఉంటుంది. లేఖరి అద్దంలో చూసుకుని, ఆరోజు తన ముఖం ఎలా ఉంటే అలా అక్కడ గీసుకోవాలి. 'ఈ మనిషిని నేనే చూశాను, నేనే గీశాను' అని ఒట్టు వేసినట్టన్నమాట. దాన్ని సాక్షి ముఖం అంటారు. నా బిడ్డ అక్కడుంది! నాలుగేళ్ల తర్వాత చూశాను. ముఖశాలలో చేరినవాళ్లు పదేళ్లు కన్నవాళ్లకు కనబడకూడదు, మాట్లాడకూడదు. చుట్టాల మాట విని దొంగ ముఖాలు గీస్తారని ఆ కట్టడి.

"అక్కా, తమ్మీ, గిటు సూడుండ్రి! గీమె నా బిడ్డ!" అని అరిచాను.

"బొటనేలంత లేదు, గింత ఒర్రుడా కాకా?" అంది పక్కనున్న ఆమె.

బొటనవేలంతే. చాలు. నాకు అదే చాలు!

రోజు 6, పొద్దుటి షిఫ్టు

నీటి మట్టం నాలుగడుగులు. పంపులు బాగున్నాయి.

రోజూ వెళుతున్నాను. నా బిడ్డ తన ముఖాన్ని ఆరు గీతల్లో తేల్చేస్తుంది. ఒక దానిలో ఒక కన్ను, సగం పెదవి, అంతే. ఇంకో దానిలో ముక్కు పక్క నుంచి చూసినట్టు, కళ్లు ఎదురుగా చూసినట్టు. నాకు మొదట అర్థం కాలేదు. గోడ ఊడ్చే ముసలాయన చెప్పాడు: సాక్షి ముఖం ఎలా గీసుకోవాలనేది లేఖరి ఇష్టమట. వంకరగా గీసినా, ముక్కలుగా గీసినా అడగరు. అది తన ముఖం కావాలి, అంతే.

నా దోస్తు, వరసకు బావ అయిన మొండయ్యను తీసుకెళ్లి చూపించాను. తల అటూ ఇటూ వంచి చూశాడు.

"బావా, నీ బిడ్డ మొకం మీద ఎవలన్న కూసున్నరా ఏంది?"

"నీకేం తెలుసురా! గది కొత్త పద్ధతి."

"కొత్తదో పాతదో, పిల్ల కోపంల ఉన్నట్టున్నది."

కోపం కాదు, అది పని మీది ధ్యాస. కానీ ఒక మాట నిజం. ఏ బొమ్మలోనూ నవ్వు లేదు. అద్దంలో తనను తాను తప్పు పట్టుకుంటున్నట్టు చూస్తుంది. చిన్నప్పుడూ అంతే. పలక మీద రాసింది తనకే నచ్చక ఉమ్మి తుడిపేసేది.

ఇంటికొచ్చి ఒక్కో బొమ్మ గురించి రాజవ్వకు చెప్పాను. నా భార్య ఇంతవరకు ఆ గోడ దగ్గరికి రాలేదు. "బొమ్మను సూసి నేనేం జెయ్యాలె? బువ్వ తింటదా, అవ్వా అని పిలుస్తదా?" అంటుంది.

రోజు 41, పొద్దుటి షిఫ్టు

నీటి మట్టం నాలుగడుగుల ఐదంగుళాలు. పైన వాన పడిందేమో. పంపులు చూశాను. ఏం చూశానో గుర్తు లేదు.

ఇవాళ నా బిడ్డవి పదకొండు కొత్త పత్రాలు ఎక్కాయి. దూరం నుంచే సంతోషం వేసింది. ఎందుకంటే పదకొండింటిలోనూ నవ్వుతోంది! పళ్లు కనబడే నవ్వు కాదు. పెదవి ఒక కొస కొంచెం పైకి లేచింది. కళ్లలో ఎవరితోనో మాట్లాడబోతున్న వెలుగు. ఆరు గీతలు కాదు, వెంట్రుక వెంట్రుకా గీసి ఉంది. చెవి వెనక జారిన పాయ, మెడ మీద బొగ్గు మరక కూడా ఉన్నాయి. అబ్బ, ఎంత బాగుంది నా తల్లి అనుకుంటూ ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాను.

పుట్టుమచ్చ తప్పు పక్కన ఉంది.

రవళి కుడి చెంప మీద ఆవగింజంత మచ్చ. పుట్టిన రోజు రాజవ్వ ఈగ అనుకుని తోలింది. అద్దంలో చూసి గీసుకుంటే అది కాగితానికి కుడి పక్కన పడుతుంది. ఈ నలభై రోజులూ అలాగే పడింది. ఎదురుగా కూర్చుని ఇంకొకరు గీస్తే ఎడమ పక్కన పడుతుంది. ఈ పదకొండింటిలోనూ ఎడమ పక్కనే ఉంది.

కుడి చేతిని, ఎడమ చేతిని మార్చి మార్చి చూసుకున్నాను. షిఫ్టు గది అద్దం ముందు నిలబడి, చెంపకు గ్రీజు చుక్క పెట్టుకుని చూసుకున్నాను. నాదే పొరపాటు కావాలని ఎంత కోరుకున్నానో! పొరపాటు కాదు. నా బిడ్డ ముఖాన్ని నా బిడ్డ గీయలేదు.

మరి నా బిడ్డ ఎక్కడ?

రోజు 42, పొద్దుటి షిఫ్టు

నీటి మట్టం నాలుగడుగుల మూడంగుళాలు.

రాజవ్వకు చెప్పాను. జొన్న పిండి పిసుకుతున్న చెయ్యి ఆగింది. మళ్లీ మొదలైంది.

"బొగ్గు రవ్వ పడ్డదేమో."

"పదకొండిట్ల ఒక్క తాననే పడ్తదా?"

"మరి ఏమంటవు?"

ఏమంటానో నాకే భయం వేసి అనలేదు. ముఖశాల గురించి పంపుల దగ్గర చాలా మాటలు వింటాం. లేని మనుషులకు పత్రాలు గీయించి నీళ్లు అమ్ముకుంటారని, గీయనన్న లేఖరిని చీకటి గదిలో పెడతారని. ఇన్నాళ్లూ అలా అన్నవాళ్లతో పోట్లాడాను. "నా బిడ్డ ఉన్నది ఆడ! గసొంటి మాటలు మాట్లాడకుండ్రి!" అని. ఇప్పుడు ఒక్కొక్క మాటా తిరిగొచ్చి చెవిలో కూర్చుంటోంది.

రోజు 44, పొద్దుటి షిఫ్టు

నీటి మట్టం చూడలేదు. నలభై నాలుగు అని రాశాను, కొట్టేశాను. అది రోజు అంకె.

ముఖశాల కిటికీ దగ్గరికి వెళ్లాను. నెలకోసారి అక్కడ ఇంటి నుంచి తినేవి ఇవ్వచ్చు. పోయిన వారం చింతకాయ తొక్కు సీసా ఇచ్చాను. ఖాళీ సీసా తిరిగొచ్చింది. కిటికీలో ఉండే గుమాస్తా సులోచన దాన్ని నా ముందు పెట్టింది.

"నా బిడ్డ మంచిగున్నదా అమ్మా?"

"అందరు మంచిగున్నరు పెద్దయ్యా." నేను అడగడం పూర్తి కాకముందే చెప్పింది.

"అందరి సంగతి కాదు, రవళి."

"గదే, అందరు."

నా వైపు చూడలేదు. పక్కనున్న కాగితాలు సర్దింది, సర్దినవే మళ్లీ సర్దింది. దారిలో సీసా మూత తీసి చూశాను. లోపల తళతళలాడుతోంది. మూత మరల్లో కూడా నూనె జిడ్డు లేదు. ఇరవై ఆరేళ్లలో నా బిడ్డ సీసా కడిగిన పాపాన పోలేదు! వేలు పెట్టి నాకి, అలాగే బల్ల కింద తోసేసేది. ఈ సీసా ఎవరు కడిగారు? తొక్కు ఎవరు తిన్నారు?

రాజవ్వ సీసాను అటూ ఇటూ తిప్పింది. "నాలుగేండ్లయె. నేర్సుకున్నదేమో," అంది. కానీ రాత్రి అన్నం సగమే తింది.

రోజు 46, పొద్దుటి షిఫ్టు

నీటి మట్టం నాలుగడుగులు.

ఆ పదకొండు పత్రాల్లో మొండయ్యది ఒకటి. అతడి ముందు కూర్చుని గీసింది ఎవరో అతడికి తెలియాలి కదా! షిఫ్టు మధ్యలో పట్టుకున్నాను.

"నిన్ను గీసింది నా బిడ్డేనా?"

"ఆఁ, నీ బిడ్డే. 'మొండి మామా, గదుమ దించు' అన్నది. అంతకుమించి మాట్లాడద్దట."

"కండ్లార చూసినవా?"

"గంటసేపు ఎదురుంగ కూసున్న బావా! కండ్లు మూసుకుని కూసుంటనా?"

"చిక్కిందా? ఏడ్చిన మొకం ఉన్నదా?"

"నన్నెందుకు పోలీసోని తీరు అడుగుతున్నవు?" అని ఆగి, నా ముఖం చూసి అతడూ గొంతు తగ్గించాడు. "ఏమాయె?"

చెప్పాను. మొండయ్య తట్ట మీద కూలబడ్డాడు. నా బిడ్డ గురించి దిగులు పడ్డాడనుకున్నాను.

"గంట కొట్టకు బావా."

"ఏం?"

"సాక్షి మొకం దొంగదైతే పత్రమే చెల్లదు. పదకొండు ఇండ్ల నీళ్లు బందు. నా ఇంట్ల ఆరుగురం ఉన్నం."

"నా బిడ్డ బతికున్నదో లేదో అని నేను..."

"బతికున్నదని చెప్పిన గదా! వారం కాలేదు నేను సూసి!"

"నిన్ను గీసేదాకా ఉన్నది. తర్వాత మూలకు గీసింది ఎవరు? సాక్షి మొకం, గీయించుకున్నోడు బయటికి పోయినంక గీస్తరు. తర్వాత దానికేమైంది?"

అతడు గడ్డం గోక్కుంటూ లేచి వెళ్లాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. మొండయ్య నన్ను అలా చూడడం ఇదే మొదటిసారి. నేను గంట వైపు పోతానేమోనని నన్ను కాపు కాస్తున్నట్టు.

రోజు 48, పొద్దుటి షిఫ్టు

నీటి మట్టం మూడడుగుల పదకొండు. ఈరోజు ఎనిమిదో రోజు. సాయంత్రానికి ఆ పత్రాలు గోడ దిగిపోతాయి. ఆ తర్వాత నేను ఎంత అరిచినా ఎవరూ వినరు.

గంట కొట్టినవాడి మీదా ఒక కట్టడి ఉంది. అభ్యంతరం తప్పని తేలితే అతడి పత్రాన్నే తుడిపేస్తారు. ఏడాది పాటు అతడికి ముఖం ఉండదు. నా నీళ్లు పోతే పోనీ. అసలు చిక్కు అది కాదు. లోపల బిడ్డకు ఏదో అయిందనుకో, కొట్టకపోతే నేను తండ్రినే కాను. ఏమీ కాలేదనుకో, తానే ఏదో తప్పు చేసిందనుకో, కొడితే దాని కొలువును నా చేత్తో తీసేసినవాణ్నవుతాను. గనిలో మొదటి పంపుల పిల్ల! నేనే కదా ఊరంతా చెప్పుకు తిరిగింది!

"కొట్టాల్నా?" అని రాజవ్వను అడిగాను.

ఆమె పెట్టె తెరిచి మంచి చీర తీసింది. "కొడితె దాన్ని బయటికి తెస్తరా?"

"తెస్తరు. అందరి ముంగట అద్దం పెట్టి గీయమంటరు."

"అయితె కొట్టు. కొలువు పోతె పోనియ్యి. నేను కండ్లార సూడాలె."

ఇద్దరం కలిసి ఎక్కాము. గంట నేనే కొట్టాను.

రోజు 49

ఇవాళ షిఫ్టుకు వెళ్లలేదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఈ పుస్తకంలో షిఫ్టు పేరు లేని మొదటి పేజీ ఇది.

చూపుగోడ ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. పదకొండు ఇళ్లవాళ్లూ వచ్చారు. ఒక్కరూ నాకు చోటు ఇవ్వలేదు, మొండయ్య కూడా. ముఖశాల లేఖరులు నలభై మంది నల్ల దుస్తుల్లో వరసగా నిలబడ్డారు. పెద్దలేఖరి దామోదర్ బల్ల మీద అద్దం పెట్టించాడు, బొగ్గు పెట్టించాడు.

ఆమె వచ్చింది.

నిజం రాస్తాను. మొదట నేను గుర్తుపట్టలేదు. భుజాలు వెడల్పయ్యాయి, జుట్టు మెడ దాకా కత్తిరించారు. వేరే ఎవరినో తెచ్చి నిలబెట్టారనుకున్నాను. నా పక్కన రాజవ్వ "గదే... గదే నా బిడ్డ. నడక సూడు," అంది. అప్పుడు చూశాను. కుడి చెంప మీద మచ్చ. ఎడమ కాలు కొంచెం బయటికి వేసే నడక. నా తల్లే! బతికుంది, తిన్నగా నిలబడింది, దెబ్బ లేదు, మరక లేదు! ఏడ్చేశాను. జనం నవ్వారో తిట్టారో నాకు తెలియదు.

రవళి మా వైపు చూడలేదు. చూడకూడదు. బల్ల ముందు కూర్చుని అద్దంలోకి చూసింది. ఆరు గీతలు. అదే బిగిసిన పెదవి, అదే తప్పు పట్టే చూపు. మచ్చ కాగితానికి కుడి పక్కన పడింది. దామోదర్ ఆ కాగితాన్ని ఒక చేత్తో, మొండయ్య పత్రాన్ని ఇంకో చేత్తో పట్టుకుని మార్చి మార్చి చూశాడు. అతడికి తేడా తెలుస్తోంది. ఏమిటో తెలియడం లేదు. ఆవగింజంత చుక్క అతడి కళ్లకు బొగ్గు రవ్వే.

"గీత వేరే ఉంది. కానీ గీత లేఖరి ఇష్టం," అన్నాడు మెల్లగా. నా వైపు తిరిగాడు. "ఓదేలూ, కట్టడి ప్రకారం నేను ఒక్క ప్రశ్న అడుగుతాను. అవునంటే కారణం అక్కర్లేదు, నీ అభ్యంతరం వీగిపోతుంది. కాదంటే కారణం చెప్పాలి." మొండయ్య పత్రాన్ని నా ముఖం ముందు పెట్టాడు. "మూలన ఉన్న ఈ ముఖం ఈ మనిషిదేనా?"

కారణం నా నాలుక చివర ఉంది. ఒక్క మాట చాలు. నోరు తెరిచాను.

అప్పుడే లేఖరుల వరసలో ఎవరి చేతిలోంచో బొగ్గు ముక్క జారి పడింది. రవళి అటు తిరిగింది. వరసలో మూడోవాడు, పొడుగ్గా ఉన్నవాడు, వంగి బొగ్గు ఏరుకుంటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అంత భయంలోనూ అతణ్ని చూసిన నా బిడ్డ పెదవి ఒక కొస పైకి లేచింది. కళ్లలో ఆ వెలుగు వచ్చింది. చెవి వెనక నుంచి పాయ జారింది. పదకొండు పత్రాల్లోని ముఖం నా ముందు, నిండుగా, రక్తమాంసాలతో! ఒక్క క్షణం. మళ్లీ తల దించుకుంది.

ఆ ముఖం ఏ అద్దంలోకీ రాదు. అద్దం ముందు కూర్చుంటే నా బిడ్డకు తన తప్పులే కనబడతాయి. ఆ ముఖం అతడికి ఎదురుగా కూర్చున్నప్పుడే వస్తుంది. అతడు చూశాడు కాబట్టే గీయగలిగాడు. అతడి పత్రాల మూలల్లో నా బిడ్డ గీసిన అతడి ముఖం ఉండే ఉంటుంది. అతడి తండ్రి కూడా నాలాగే దగ్గరికి వెళ్లి చూసి ఉంటే తెలిసేది.

మనుషులను వాళ్లు సరిగ్గానే చూశారు. మొండయ్య ముందు కూర్చున్నది నా బిడ్డే. మూలన గీసిన చెయ్యి ఎవరిదని అడిగితే నేను అబద్ధం చెప్పేవాణ్ని కాదు. దామోదర్ అడిగింది ముఖం గురించి.

"అవును," అన్నాను. "గీ మొకం గీ మనిషిదే. గా అద్దం ముంగట ఇప్పుడు గీసినదాని కన్న ఎక్కువ గీమెదే."

దామోదర్‌కు అనుమానం పోలేదు, అడగడానికి దారీ లేదు. "అయితే గంట ఎందుకు కొట్టావు?"

"నా బిడ్డను చూడాలనిపించింది సారూ."

జనంలో ఎవరో ఫక్కున నవ్వారు. పదకొండు ఇళ్లవాళ్లు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. నా ముఖపత్రం తెప్పించి అందరి ముందూ తడిగుడ్డతో తుడిపించారు. ముందు నుదురు పోయింది, తర్వాత మీసం. తుడుస్తున్న మనిషికి నా చెవులు సరిగ్గా పోకపోతే "ఇంకొంచెం నీళ్లు పెట్టు తమ్మీ," అని నేనే చెప్పాను.

రవళిని లోపలికి తీసుకెళ్లారు. వెళుతూ ఒక్కసారి కూడా మా వైపు తిరగలేదు. కట్టడి కట్టడే. కానీ గుమ్మం దాటేటప్పుడు కుడి చేతి బొటనవేలు నోట్లో పెట్టుకుని నాకింది, తొక్కు తిన్నట్టు. రాజవ్వ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పొడుగోడు మంచిగనే ఉన్నడు," అంది మెట్లు దిగుతూ.

"నువ్వెప్పుడు చూసినవే?"

"నువ్వు ఏడుసుకుంట ఉన్నప్పుడు. సీసా గంత సుభ్రంగ కడిగిందెవలో అప్పుడే సమజైంది."

రోజు 50, పొద్దుటి షిఫ్టు

నీటి మట్టం నాలుగడుగులు. పంపులన్నీ బాగున్నాయి.

నల్లా దగ్గరికి రాజవ్వతో వెళ్లాను. నాకు పత్రం లేదు కాబట్టి వరసలో నిలబడే హక్కు లేదు. ఆమె వెనక ఖాళీ బకెట్లు పట్టుకుని నిలబడ్డాను. మొండయ్య ముందే ఉన్నాడు. తన బకెట్లు నింపుకుని, అందులో సగం మా బకెట్లోకి వంచి వెళ్లిపోయాడు.

నల్లా కాపరి రాజవ్వ పత్రం చూశాడు, రాజవ్వను చూశాడు, నన్ను చూశాడు. ముప్పై ఏళ్లుగా నేను ఎరిగినవాడు. అడగడం అతడి పని.

"నీ వెనక ఉన్నదెవలమ్మా?"

రాజవ్వ తిరిగి నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"తెల్వదు బిడ్డా," అంది. "ఎవలో ముసలాయన. పొద్దుటిసంది ఒక్కతీరుగ నవ్వుతున్నడు. బకెట్లు మోస్తడని తెచ్చుకున్న."